చూడవలసిన చోట్లు

ఆంధ్రప్రదేశ్ నుంచీ తెలంగాణ నుంచీ దక్షిణయాత్రకు బయలుదేరినవారు మదురైలో ఒక పూట ఆగుతారు. మీనాక్షీ సుందరేశ్వరుల దర్శనం చేసుకొంటారు. కోనేటి గట్టున కాసేపు కూర్చుంటారు. మల్లెపూలు కొనుక్కొని, ఆ సాయంకాలమే రామేశ్వరం బస్సెక్కుతారు. కోయంబత్తూరు సంగతి మరీ చిత్రం. ఊటీకి వెళ్ళేవారికి అది రైలు దిగే చోటు మాత్రమే. కాని ఈ రెండు ఊళ్ళలోనూ తెలుగువారు తప్పక చూడవలసినవి ఉన్నాయి. వాటిలో కొన్ని రాతితో కట్టినవి. కొన్ని ఇనుముతో చేసినవి. ఒక్కటి మాత్రం కంటికి కనిపించదు. దానిని చెవితోనే చూడాలి.

తెలుగు పుస్తకాలలో 'మధుర' అని కనిపించే ఊరే మదురై. విజయనగర ప్రభువుల ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు ఇక్కడ పాలన ప్రారంభించింది 1529లో అని చెబుతారు. ఆయనా, మంత్రి అరియనాథ మొదలియారూ కలిసి దేశాన్ని 72 పాళెయాలుగా విభజించారు. వాటిలో అనేకం తెలుగు నాయకుల చేతికి వచ్చాయి. వారి వెంట సైనికులు వచ్చారు. రైతులు వచ్చారు. నేతపనివారు వచ్చారు. నల్లరేగడి నేల కనిపించిన చోట రైతు నాగలి దించాడు. 1736లో నాయకుల రాజ్యం అంతరించింది. రాజ్యం పోయినా, వచ్చినవారు మాత్రం వెనుదిరిగి పోలేదు.

మదురైలో మొదట చూడవలసినది పుదుమండపం. 'పుదు' అంటే కొత్త. మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా, వసంతోత్సవాల కోసం తిరుమల నాయకుడు దీనిని కట్టించాడు. ఇక్కడి స్తంభాల మీద నాయకరాజుల నిలువెత్తు విగ్రహాలు చేతులు జోడించి నిలబడి ఉంటాయి. మండపానికి తూర్పున రాయగోపురం ఉంది. తిరుమల నాయకుడు మొదలుపెట్టిన ఆ గోపురం నేటికీ అసంపూర్తిగానే ఉంది.

అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే తిరుమల నాయక మహలు. దీనిని 1636లో కట్టించారు. లావాటి స్తంభాలు, వాటిని కలిపే వంపు తోరణాలు, నడుమ విశాలమైన ముంగిలి చూసినవారు ఆశ్చర్యపోతారు. ఇప్పుడు కనిపించేది అసలు కట్టడంలో సుమారు నాలుగో వంతు మాత్రమే. తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథ నాయకుడు చాలా భాగాన్ని విప్పించి తిరుచిరాపల్లికి తరలించాడని చెబుతారు. మిగిలినదాన్ని, 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు బాగు చేయించాడు. ఈ మహలు చుట్టుపక్కల వీధులలో సౌరాష్ట్రులు ఉన్నారు. పట్టునేతలో పేరు పొందిన వీరు కూడా దూరదేశం నుంచి వచ్చి, తమ భాషను ఇళ్ళలో నిలుపుకొన్నవారే.

ఊరికి తూర్పున వండియూరు మారియమ్మన్ తెప్పకుళం ఉంది. తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన ఈ చెరువు సుమారు 1000 అడుగుల పొడవు, 950 అడుగుల వెడల్పు. భూమిలోపలి కాలువల ద్వారా దీనికి వైగై నది నీరు చేరేటట్లు ఏర్పాటు చేశారు. తై నెలలో పూసం నాడు మీనాక్షీ సుందరేశ్వరులు తెప్ప మీద ఈ చెరువులో విహరిస్తారు. చిత్తిరై నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్నీ, అళగరు స్వామి వైగై నదిలో దిగే ఉత్సవాన్నీ ఒకచోట కలిపినవాడు కూడా తిరుమల నాయకుడేనని ప్రసిద్ధి. శైవులూ వైష్ణవులూ ఒకే వీధిలో నిలబడి చూసే పండుగ అది.

తిరుమల నాయకుని తరువాత తలచుకోవలసిన పేరు రాణి మంగమ్మ. తమిళులు ఆమెను మంగమ్మాళ్ అంటారు. భర్త చొక్కనాథుడూ, ఆ తరువాత కుమారుడూ మరణించగా, పసివాడైన మనుమని తరఫున ఆమె 1689 నుంచి సుమారు 17 సంవత్సరాలు రాజ్యం నడిపింది. బాటలు వేయించింది. బాటసారుల కోసం సత్రాలు కట్టించింది. మదురై రైల్వే స్టేషనుకు ఎదురుగా ఉన్న సత్రం నేటికీ ఆమె పేరుతోనే ఉంది. ఆమె వేసవి విడిదిలో 1959లో గాంధీ స్మారక సంగ్రహాలయం ఏర్పడింది. గాంధీజీ కొల్లాయి కట్టడం మొదలుపెట్టినది కూడా మదురైలోనే, 1921 సెప్టెంబరులో. ఆయన చివరి క్షణాలలో ధరించిన రక్తపు మరకల వస్త్రం ఈ సంగ్రహాలయంలో ఉంది.

మంగమ్మ పెంచిన ఆ మనుమడే విజయరంగ చొక్కనాథుడు. తెలుగు సాహిత్యంలో పద్యానికే గౌరవం ఉన్న కాలంలో, శ్రీరంగమాహాత్మ్యాన్నీ మాఘమాహాత్మ్యాన్నీ అతడు తెలుగు వచనంలో రచించాడు. అతని ఆస్థానంలోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతాన్ని వచనంగా చెప్పాడు. తెలుగు వచనం కాళ్ళూనిన చోట్లలో తమిళదేశం ఒకటి. ఈ సంగతి ఏ రాతి మీదా చెక్కి లేదు. తెలుసుకొని వచ్చినవారికే తెలుస్తుంది.

మదురై నుంచి కోయంబత్తూరుకు వెళ్ళే దారులలో ఒకటి పళని, పొల్లాచ్చిల మీదుగా సాగుతుంది. 1920లో ఈ రెండు ఊళ్ళ మధ్య ఒక యువకుడు బస్సు నడిపాడు. ఆయనే జి.డి. నాయుడు (1893-1974). కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టాడు. ఒక్క బస్సుతో మొదలుపెట్టి, పెద్ద రవాణా సంస్థను నిర్మించాడు. విద్యుత్తుతో పనిచేసే క్షౌరయంత్రాన్ని తయారుచేశాడు. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి రూపొందించిన విద్యుత్ మోటారు భారతదేశంలో తయారైన మొదటిదని ప్రసిద్ధి. అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో ఆయన సేకరించిన, తయారుచేసిన యంత్రాలను చూడవచ్చు. 2025లో అదే రోడ్డు మీద ప్రారంభమైన పొడవైన వంతెనకు ఆయన పేరే పెట్టారు.

కోయంబత్తూరు చుట్టూ పత్తి పండే నల్లనేలలు ఉన్నాయి. 1888లో ఇక్కడ మొదటి నూలు మిల్లు వెలసింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లును స్థాపించాడు. 1930లలో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లుల సంఖ్య త్వరగా పెరిగింది. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు నలుగురు. వారు ఆస్తిని పంచుకొన్నప్పుడు నాలుగు భాగాలు కాక అయిదు భాగాలు చేశారు. అయిదో భాగాన్ని ధర్మకార్యాలకు విడిచిపెట్టారు. 1926లో ఏర్పడిన ఆ ధర్మసంస్థ నుంచే నేటి పి.ఎస్.జి. విద్యాలయాలూ, వైద్యశాలా పుట్టాయి. శిల్పాలంటే ఇష్టమున్నవారు నొయ్యల్ నది ఒడ్డున ఉన్న పేరూరు గుడికి వెళ్ళాలి. అక్కడి కనకసభ నాయకుల కాలం నాటిది. దాని పైకప్పు నుంచి రాతి గొలుసులు వేలాడుతూ ఉంటాయి.

ఇక చెవితో చూడవలసినది మిగిలింది. ఈ ఊళ్ళలోని తెలుగు ఇళ్ళలో నేటికీ ముసలివారు మాట్లాడే తెలుగు అది. 'ఉంది' అనడానికి వారు 'ఉండాది' అంటారు. 'వచ్చారు' అనడానికి 'వచ్చినారు' అంటారు. తమిళ పదాలు అందులో సహజంగా కలిసిపోయి ఉంటాయి. చిత్తూరు, అనంతపురం పల్లెలలో తిరిగినవారికి ఈ రూపాలు కొత్తకావు. పుస్తకాల తెలుగుకు దూరంగా పెరిగినంత మాత్రాన అది తప్పుల తెలుగు కాదు.

యాత్రికునికి ఈ మాట తెలియకపోతే చిక్కు వస్తుంది. దారి అడిగినప్పుడు ఒక పెద్దామె తెలుగులో సమాధానం చెబుతుంది. వచ్చినవాడు ఆనందపడి, "మీ తెలుగు తమాషాగా ఉందే అవ్వా!" అని నవ్వుతాడు. "మా ఇంట్లో ఇట్లనే మాట్లాడేది నాయనా" అని ఆమె కూడా నవ్వుతుంది. కాని ఆ తరువాత తమిళంలోకి మారిపోతుంది. ఆ రెండో మాట తెలుగులో రాకపోవడమే అసలు నష్టం. పక్కనే నిలబడిన మనుమరాలు అది గమనిస్తుంది. ఇంటి మాట నలుగురిలో పలకదగినది కాదేమో అని ఆ పిల్లకు అనిపిస్తే, ఆ ఇంట్లో తెలుగు మరొక తరం నిలవడం కష్టం.

తమిళదేశానికి వలస వచ్చిన తెలుగు రైతుల కథను 'గోపల్ల గ్రామం' నవలగా రాసినవాడు కి. రాజనారాయణన్ (1922-2021). కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ ఆయన ఊరు. ఇంటి భాష తెలుగు. ఆ కథకు కొనసాగింపుగా రాసిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండూ తమిళ నవలలే. తెలుగువారి వలసకథను తమిళ పాఠకులు తమ కథగా ఆదరించారు. అది ఈ నేల ఔదార్యం. అటువంటి కథలు చెప్పగల అవ్వలు ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉన్నారు. వాటిని తెలుగులో రాయగలిగినవారే తక్కువ.

మహలు కూలిపోతుంటే ఒక గవర్నరు నిలబెట్టించాడు. పాత యంత్రం ఆగిపోతే పనివాడు బాగు చేయగలడు. మాటను మాత్రం మాట్లాడేవారే కాపాడాలి. చాలామంది అవ్వలకు మాట వచ్చు, అక్షరాలు రావు. తెలుగు బడిలో చదివే పిల్లలకు రెండూ వచ్చు. అవ్వ చెప్పే సామెతా, పొలం పేరూ, పూర్వం ఏ ఊరి నుంచి వచ్చారన్న మాటా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకొంటే చాలు. దూరం నుంచి వచ్చిన తెలుగువారికి చూపించడానికి ఆ ఇంట్లో కూడా ఒకటి ఉంటుంది.