బెల్లం పక్కన పల్లి

'చిందరవందరైన నవల కారణంగా (3)'

చదవగానే ఏమనిపిస్తుంది? ఎవరో రాసిన నవల గందరగోళంగా ఉంది, దానివల్ల ఏదో జరిగింది... అనే కదా! అలా అనిపించడానికే ఆధారాన్ని అలా రాస్తారు. నిజానికి అక్కడ కథా లేదు, రచయితా లేడు. 'న', 'వ', 'ల' అని మూడక్షరాలున్నాయంతే. చిందరవందర అంటే వాటిని అటూ ఇటూ మార్చమని. మారిస్తే 'వలన' వస్తుంది. వలన అంటే కారణంగా. అయిపోయింది!

మొట్టమొదటి పదకేళి 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చింది. కూర్చినవాడు ఆర్థర్ విన్. అందులో ఇలాంటి మెలికలు లేవు. అర్థం ఇస్తే మాట రాయడమే. ఆధారాన్ని పొడుపుకథలా మార్చే సరదా 1920లలో ఇంగ్లండులో మొదలైంది. తెలుగులో ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' అన్నారు, శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అన్నారు. పేరేదైనా, అంతంత కవులు కూర్చుని గళ్ళు గీశారంటే అది ఉత్త కాలక్షేపం కాదనే అనుకోవాలి.

తెలుగులో దీని తీరే వేరు. ఇంగ్లిషులో గడికో అక్షరం. మనకు వత్తూ గుణింతమూ అన్నీ కలిపి ఒకే గడిలో కూర్చోవాలి. 'ల్లి'ని విడదీయడానికి లేదు. కూర్చేవాళ్ళకి అదో తలనొప్పి. కానీ ఇంగ్లిషువాళ్ళకి లేని సరదాలూ మనకున్నాయి. 'దీర్ఘం కోల్పోయిన పాలు ఎన్నో (2)' అంటే పాలులో దీర్ఘం తీసేయండి. 'పలు'! కొమ్ము ఊడగొట్టొచ్చు, సున్న ఎగరగొట్టొచ్చు. ఎన్ని వేషాలు వేసినా ఒక్కటే నియమం: దారి తప్పించొచ్చుగానీ అబద్ధం ఆడకూడదు. ఆధారంలోని ప్రతి మాటకీ లెక్క తేలాలి.

ఆ లెక్క దగ్గరే గుంటూరు బ్రాడీపేటలో ఓ ఇంట్లో పెద్ద గొడవ జరిగింది.

ఆ ఇంటి పెద్దాయన తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం కాఫీ అయ్యాక పెన్సిలు చెక్కుకుని కూర్చుంటే, గళ్ళు నిండేదాకా పలకరించే సాహసం ఎవరూ చేయరు. కోడలిది కరీంనగర్. పెళ్ళయి రెండేళ్ళు. ఆమె 'ఆలుగడ్డ' అంటే ఆయన నవ్వుతూనే 'బంగాళాదుంప' అనేవారు. 'ఉల్లిగడ్డ' అంటే 'ఉల్లిపాయ'. 'అంగీ' అంటే 'చొక్కా అమ్మా, చొక్కా'. కోపంగా కాదు, క్లాసులో పిల్లలకి చెప్పినట్టే. ఆ చెప్పడం ఎంత మృదువుగా ఉన్నా ఆమె మాత్రం ఆ ఇంట్లో మాట్లాడటం తగ్గించేసింది. పుట్టింటికి ఫోన్ చేయాలంటే డాబా మీదకి వెళ్ళేది. ఆ సంగతి ఆయన గమనించనేలేదు.

ఆ ఆదివారం వచ్చిన ఆధారం ఇది: 'బెల్లం, వేరుశనగ కలిపితే ఉండలు రాలేదు, బొగ్గు ఊరు వచ్చింది (4)'.

జవాబు ఆయన నిమిషంలో రాసేశారు. బెల్లంపల్లి. సింగరేణి గనుల ఊరు, ఢిల్లీ వెళ్ళే రైలు దారిలో ఎన్నిసార్లు చూశారో! కానీ తృప్తి లేదు. బెల్లం కనిపిస్తోంది, మరి వేరుశనగ ఏది? నిఘంటువు తిరగేశారు. పల్లి అంటే చిన్న ఊరు, పల్లె. అంతవరకే తట్టింది. మధ్యాహ్నానికి ఆయన ఓ నిశ్చయానికొచ్చారు: కూర్చినవాడు మోసం చేశాడు. పత్రికకి ఉత్తరం రాయాల్సిందే. పోస్టుకార్డు కూడా తీశారు.

వంటింట్లోంచి కోడలు వచ్చింది. కాసేపు నిలబడింది. చెప్పాలా వద్దా అని.

"మా దిక్కు వేరుశనగను పల్లి అంటరు మామయ్యా. పల్లీలు, పల్లిచట్నీ, పల్లిపట్టీలు... అదే ఇది."

ఆయన కళ్ళజోడు తీసి ఆమె వంక చూశారు. గళ్ళవంక చూశారు. పోస్టుకార్డు మడిచి పుస్తకంలో పెట్టేశారు. తప్పయిందని ఆయనేమీ అనలేదు. ఆ తరం మాస్టార్లు అలాంటి మాటలు అనరు. "మరి పెసరపప్పుని ఏమంటారమ్మాయ్?" అని మాత్రం అడిగారు.

ఆమె నవ్వింది. పెసరపప్పు పెసరపప్పేనట.

తర్వాతి వారం పదకేళి ముందు రెండో కుర్చీ వేశారు. పాత డైరీ ఒకటి తీసి, ఒక పక్క ఆమె మాటలు, ఇంకో పక్క తన మాటలు రాయడం మొదలుపెట్టారు. అత్తగారు చూసి, 'ఇంత వయసొచ్చాక కాపీ రాసుకుంటున్నారు' అని వేళాకోళమాడారు. అంతమాత్రాన దిద్దే అలవాటు ఒక్కరోజులో పోతుందా? అప్పుడప్పుడూ నోటిదాకా వచ్చేది. సగంలో ఆగిపోయేవారు. ఆ ఆగడం చూసి ఆమెకి నవ్వొచ్చేది.

దసరాకి ఆమె పుట్టింటికి ప్రయాణమైంది. బ్యాగు సర్దుకుంటుంటే ఆయన ఓ కాగితం మడిచి చేతిలో పెట్టారు. నాలుగు గళ్ళు గీసి ఉన్నాయి. కింద మాస్టారి గుండ్రటి రాతలో ఓ ఆధారం, ఆయన జీవితంలో సొంతంగా కూర్చిన మొదటిది:

'మీవైపు చొక్కా పక్కన మా గుంటూరు ఘాటు చేరిస్తే ఒప్పుకోలు (4)'.

రైలెక్కేలోపే ఆమె నాలుగు గళ్ళూ నింపేసింది.