కుమ్రావండ్ నుంచి వెళ్లినవాళ్లు

జగదల్‌పూర్ అనగానే చాలామందికి చిత్రకోట్ జలపాతమో దసరా రథమో గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు ముక్కుకి తగిలేది ఎమైల్ ఆల్కహాల్ వాసన. పాలలో వెన్న శాతం తేల్చే గెర్బర్ పరీక్షలో వాడతారు దాన్ని. బ్యుటైరోమీటరులో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, దానిమీద 10.75 మిల్లీలీటర్ల పాలు, చివర్న ఒక్క మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాల్. బిరడా బిగించి ఊపితే గాజుగొట్టం చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతుంది. గుడ్డ చుట్టి పట్టుకోండర్రా అని అరుస్తూనే ఉండేవాణ్ణి. పండిన అరటిపండులా తియ్యగా మొదలై గొంతులో గరగరగా దిగే ఆ వాసన చొక్కాకి పట్టేది, సాయంత్రం టీ కొట్టు దగ్గర కూడా వదిలేది కాదు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాదే, 2001లో, జగదల్‌పూర్ శివార్లలోని కుమ్రావండ్‌లో వ్యవసాయ కళాశాల పెట్టారు. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం కిందిది. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుడు గుండాధూర్ పేరు దానికి. పశుపోషణ పాఠాలు చెప్పడానికి నేను అక్కడ చేరింది ఆ తొలి రోజుల్లోనే. మాది కొత్తగూడెం. చదివింది హైదరాబాదు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో. 1946లో మొదలైన కాలేజీ అది. ఏ జిల్లాకి పోయినా మా సీనియర్ ఒకాయన పశువుల ఆస్పత్రిలో కూర్చుని ఉండేవాడు. అన్నం పెట్టించేవాడు, బస చూపించేవాడు. బస్తర్‌లో అలాంటి అన్న ఎవరూ లేరు. మా పిల్లలే ఆ ఊరికి మొదటి బ్యాచీలు. వాళ్లకి సీనియర్లు లేరు, నాకు తెలిసినవాళ్లు లేరు. బహుశా అందుకేనేమో ఒకళ్లకొకళ్లం అంత త్వరగా అతుక్కుపోయాం.

ఆ గెర్బర్ క్లాసులోనే ఒకమ్మాయి లేచింది. నారాయణ్‌పూర్ వైపు నుంచి వచ్చిన పిల్ల. పేరు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. జడకి కట్టిన ఎర్ర దారం, ముంజేతి మీద పచ్చబొట్టు చుక్కలు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి. "సర్, ఇవి దూడ పాలు కదా. మనం కొలిచి ఏం చేస్తాం?" అంది.

క్లాసులో సగంమంది తలలు వంచుకున్నారు. రాయపూర్, ధమ్తరి వైపు పిల్లలు నవ్వబోయి నన్ను చూసి ఆగారు. మురియా, మాడియా, మా ఖమ్మం వైపు కోయ గూడేల్లో చాలాచోట్ల ఆవుని పితికే అలవాటు లేదు. తల్లి పాలు బిడ్డవి, అంతే. ఆవు ఎందుకంటే దున్నే ఎద్దుని కంటుంది, పొలానికి పేడ ఇస్తుంది. పెళ్లిళ్లలో ఇచ్చిపుచ్చుకుంటారు, దేవరకి మొక్కు చెల్లిస్తారు. ఆ లెక్కలో పాలకి చోటు లేదు. సిలబస్‌లో మాత్రం పశువు అంటే మొదట పాలే.

ఆ అమ్మాయికి జవాబుగా నేను పాఠం ఏమీ చెప్పలేదు. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో ఉన్న ప్రతి జీవం ఎందుకు ఉందో రాసుకు రమ్మన్నాను. వాళ్లు తెచ్చిన కాగితాలు చదువుతుంటే నా చదువు రెండోసారి మొదలైందనిపించింది. మేక: హాస్టలు ఫీజుకి. పంది: అక్క పెళ్లికి, ఇప్ప పువ్వు రాలే కాలం దాకా అమ్మకూడదు. కోడిపెట్ట: చుట్టం వస్తే. కోడిపుంజు: సంతకి. ఒకడు "ముసలి ఎద్దు: నాన్న ఒప్పుకోడు" అని రాసి ఊరుకున్నాడు. ఆ కాగితాలన్నీ ఒక దారంతో కుట్టి బీరువాలో పెట్టాను. నేను అక్కణ్ణుంచి బదిలీ అయ్యాక అవేమయ్యాయో.

సంత అంటే గుర్తొచ్చింది. సోమవారం తోకాపాల్ సంతకి పిల్లలతో వెళ్లేవాణ్ణి. ఉప్పుచేపల గుట్టలు, ఆకు దొప్పల్లో ఎర్రచీమల పచ్చడి, జీలుగు కల్లు కుండలు. మన ఏజెన్సీ జీలుగు చెట్టే, అక్కడ సల్ఫీ అంటారు. సంతకి ఓ పక్కన కోడిపందేల గిరి. సుక్మా దారిలో ఏదో పల్లె నుంచి వచ్చే కుర్రాడొకడు పుంజుని చంకలో పెట్టుకుని మెడ నిమిరి, కాలి పొలుసులు వేలితో లెక్కపెట్టి, ఇది నిలబడుతుందో పారిపోతుందో చెప్పేసేవాడు. పుస్తకాల్లో అసీల్ జాతి పుట్టిల్లు అని ఆంధ్రప్రదేశ్‌తో పాటు బస్తర్ పేరూ రాసి ఉంటుంది. డేగ, కాకి, నెమలి, పర్ల అని మన రంగుల పేర్లు నేను చెబితే వాడు నోటుబుక్కు వెనకపేజీలో రాసుకున్నాడు. గోదావరికి అటూ ఇటూ ఒకే నెత్తురు ఆ కోళ్లలో. కత్తి కట్టడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఏ పుంజుని ఏ పెట్టకి జత కట్టాలో వాడికి తెలిసినంత మా విభాగంలో ఎవరికీ తెలియదన్నది నిజం.

హైదరాబాదు నుంచి వనరాజా పిల్లల్ని తెప్పించాం. మా రాజేంద్రనగర్‌లోనే, కాలేజీకి కూతవేటు దూరంలో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన జాతి. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే ఇది 100 దాటి పెడుతుంది. రంగురంగుల ఈకలు, పొడుగు కాళ్లు, పల్లెలో తిరుగుతూ బతకగలిగే కోడి. నాకెంత సంబరమో. నాలుగేళ్లు తిరిగిన దారుల్లో పుట్టిన కోడి ఇక్కడ బస్తర్ వాకిళ్లలో గింజలు ఏరుకుంటోంది. పిల్లలు తమ ఊళ్లకి తీసుకెళ్లి ఇచ్చారు. గుడ్లు బాగానే పెట్టాయి. ఆర్నెల్లకి ఆడవాళ్ల దగ్గర్నుంచి ఒకటే మాట: పొదగడం లేదు. గుడ్ల కోసం పెంచిన జాతుల్లో పొదుగు గుణం తగ్గిపోతుంది, అది మాకు తెలిసిన శాస్త్రమే. కానీ ఇన్‌క్యుబేటరూ కరెంటూ లేని ఊళ్లో పొదగని పెట్ట అంటే ప్రతిసారీ పట్నం వైపు చెయ్యి చాపాలి. అప్పుడు పిల్లలే దారి వెతికారు. గుడ్లని నాటుపెట్టల కింద పెట్టించారు. రెండో తరంలో గుణం తగ్గుతుందని తెలిసీ, ఉన్నంతలో అదే మేలని.

మా దగ్గర ఒక చిన్న ఇన్‌క్యుబేటర్ ఉండేది. 37.5 డిగ్రీలు, 21 రోజులు. పద్దెనిమిదో రోజున గుడ్లని కింది అరకి మార్చాలి. అంతకుముందే, ఏడో రోజున, చీకటిగదిలో బల్బు ముందు పెట్టి చూడటం. లోపల ఎర్రటి నరాలు అల్లుకుని కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. కరెంటు పోయిన రాత్రుళ్లు హాస్టలు పిల్లలు దుప్పట్లతో వచ్చి పెట్టెకి కప్పి అక్కడే కూర్చునేవాళ్లు. పాటలు పాడేవాళ్లు, హల్బీలో, గోండీలో, ఎవరి భాషలో వాళ్లు. మా అటెండరు భోపాల్‌పట్నం మనిషి, ఇంట్లో తెలుగే. ఆ రాత్రుళ్లు నా పక్కన చేరి చెప్పేవాడు. "గుడ్డు చూసుడు మాకు కొత్తనా సారూ! మా అవ్వ గుప్పిట్ల పట్టి ఎండకు పెట్టి చూసేది. బల్బు గిల్బు ఏం లేకుంట. తప్పు పోయేది గాదు." ఊరుగాని ఊళ్లో ఆ మాట వినపడితే చాలు, నాకు ఇంటి అరుగు మీద కూర్చున్నట్టుండేది.

2005 వేసవి దాటాక క్లాసులో ఖాళీలు మొదలయ్యాయి. మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో లేచిన సల్వా జుడూం అన్న మాట అందరి నోళ్లలో నలుగుతుండేది, గట్టిగా ఎవరూ అనేవాళ్లు కాదు. కొత్తగూడెం నుంచి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా వచ్చే నా దారి మారిపోయింది. ఇంటికి పోవాలంటే రైలెక్కి అరకు మీదుగా విశాఖకి దిగి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. కుంట వైపు కుర్రాడు ఒకడు దీపావళి సెలవుల తర్వాత చాలా ఆలస్యంగా వచ్చాడు. దోర్లా పిల్లాడు, తెలుగు బాగా వచ్చు. ల్యాబ్ అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి అడిగాడు.

"సార్, ఊళ్లో ఎవరూ లేరు. ఎడ్లను పలుపులు విప్పేసి వచ్చాం. అడివిల అవి బతుకుతాయా?"

గడ్డి ఉంది, వాగు ఉంది, మంద కలిసి ఉంటే బతుకుతాయి అన్నాను. "మళ్లీ మేం పిలిస్తే వస్తాయా?" అన్నాడు. వస్తాయనే అన్నాను. వాడి ముఖం చూస్తూ మరో మాట అనడం నా వల్ల కాలేదు. వాళ్ల నాన్న చర్ల వైపు దాటి వచ్చాడని తర్వాత తెలిసింది. కొన్నేళ్లకి నేను మా జిల్లా అడవుల్లో, బస్తర్ నుంచి వచ్చినవాళ్ల గుడిసెల మధ్య తిరుగుతున్నప్పుడు, ప్రతి వాకిట్లో బోర్లించిన గంప, దాని కింద పెట్ట, పిల్లలు. పాత్రలు వదిలేసి వచ్చినవాళ్లు కూడా కోడిని వదిలిపెట్టి రాలేదు.

ఆ కాలంలో మా విభాగం పని చాలావరకు జగదల్‌పూర్ చుట్టుపక్కలకే కుదించుకుపోయింది. నాలుగో సంవత్సరం పిల్లలు పల్లెల్లో ఉండి చేయాల్సిన పని దగ్గరి ఊళ్లలోనే చేశారు. కొక్కెర తెగులు టీకాలు అప్పుడు మొదలుపెట్టినవే. ఎండలు ముదిరేలోపు ఆ తెగులు ఊరి కోళ్లన్నిటినీ తుడిచిపెట్టేది. టీకా ఖరీదు తక్కువే, చిక్కంతా సీసాతో. ఒక్క సీసాలో వంద కోళ్లకి సరిపడా మందు. ఒకసారి కలిపితే గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఇంటికి ఎనిమిది కోళ్లుంటే మిగతాది పారబోయాలా? కాబట్టి ఊరు ఊరంతా ఒకే తెల్లవారుజామున, గంపలు ఎత్తకముందే చేయాలి. ఐసు ముక్కలేసిన ఫ్లాస్కు భుజాన వేసుకుని పిల్లలు చీకట్లోనే సైకిళ్ల మీద బయల్దేరేవాళ్లు. గంప కొద్దిగా లేపి చెయ్యి దూర్చి రెక్క పట్టుకుని సూది వేసి వదలడం. పొద్దెక్కేసరికి చేతుల నిండా గీరుకుపోయిన గాట్లు, తలలో ఈకలు. ఆ ఏడు ఆ ఊళ్లలో కోళ్లు నిలిచాయి. ఎవరి బ్యాచీ ఎక్కువ ఊళ్లు చేసిందని వాళ్లు ఇప్పటికీ తగవు పడతారు.

ఇప్పుడు వాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. బ్లాకుల్లో వ్యవసాయ విస్తరణ అధికారులు కొందరు, కృషి విజ్ఞాన కేంద్రాల్లో కొందరు, బ్యాంకుల్లో, బళ్లలో ఇంకొందరు. ఇద్దరు ముగ్గురు సొంత ఊళ్లోనే కోళ్లు, మేకలు పెంచుకుంటున్నారు, వాళ్లంటే నాకు కాస్త ఎక్కువ ప్రేమ. వీళ్లు వెటర్నరీ డాక్టర్లు కారు, వ్యవసాయ పట్టభద్రులు. మందు రాసే అధికారం లేదు. కానీ దుర్గ్ దగ్గర అంజోరా వెటర్నరీ కాలేజీలో చదివిన వాళ్లతో దోస్తీ కలుపుకున్నారు. 2019లో ఒడిశాలో ముద్దచర్మ వ్యాధి బయటపడ్డప్పుడు సరిహద్దు ఊళ్ల నుంచి వీళ్ల ఫోన్లకి ఫోటోలు వచ్చాయి. ఒంటి నిండా గడ్డలు, వాచిన కాళ్లు. ఎవరి దగ్గర మేక మశూచి టీకా ఉంది, ఎవరు వెళ్లగలరు, ఏ సంత ఆపించాలి, అంతా రాత్రికి రాత్రి మాట్లాడుకున్నారు. నన్ను కూడా లేపారు. రాజేంద్రనగర్‌లో మా అన్నలు నాకిచ్చింది ఇదే, అడక్కుండానే వీళ్లు అందుకున్నారు.

2018లో కడక్‌నాథ్ కోడిమాంసానికి భౌగోళిక గుర్తింపు మధ్యప్రదేశ్ ఝాబువాకి దక్కింది. దంతెవాడ కూడా అడిగింది, రాలేదు. దంతెవాడలో మహిళా సంఘాల చేత ఆ నల్లకోళ్లు పెంచిస్తున్న మా విద్యార్థి ఆ రాత్రి ఫోన్ చేసి చాలాసేపు బాధపడ్డాడు. మాంసం, ఎముక కూడా నల్లగా ఉండే ఆ జాతి గుడ్లు నాటుపెట్ట కింద పెట్టినా నల్లపిల్లలే వస్తాయి. వనరాజాలా రెండో తరంలో గుణం తగ్గే చిక్కు దీంతో లేదు. గుర్తింపు ఎవరికి పోయినా పెట్ట ఆడవాళ్ల చేతిలోనే ఉంది కదరా అన్నాను. నిజంగానే అన్నాను.

వాళ్లు కలుసుకునేది కాలేజీలో కాదు, ఎవరో ఒకరి ఊళ్లో దియారీ పండగకి. పుష్యమాఘాల్లో ఒక్కో ఊరు ఒక్కో రోజు చేసుకుంటుంది. మన కనుమ లాంటిది, కానీ అసలు పెద్దరికం పశువుల కాపరిది. ధోరాయ్ అంటారు ఆయన్ని. మోహరీ ఊదుకుంటూ ఇంటింటికీ వచ్చి పశువుల మెడలో జేఠా అనే అల్లిన దండ కడతాడు. ఇంటివాళ్లు పశువులకి కిచిడీ తినిపిస్తారు, ఏడాది కాపుకి ధోరాయ్‌కి వడ్లు కొలుస్తారు. మొన్న జనవరిలో నన్నూ పిలిచారు. బస్తర్ బ్లాకులో ఒక ఊరు. జుట్లు నెరిసిన నా పిల్లలు పశువుల కొట్టంలో గొంతుక్కూర్చుని గాలికుంటు టీకా ఏ వారం వెయ్యాలో ధోరాయ్‌తో బేరమాడుతున్నారు. మంద అడివికి తోలకముందు వస్తే పట్టుకుంటాను, ఎండెక్కాక వస్తే నన్ను పిలవొద్దు అన్నాడాయన. ఏ ఆవు చూలుతో ఉందో, ఏది కుంటుతోందో వేళ్ల మీద చెప్పాడు. ఒక పిల్ల అంతా ఫోన్‌లో రాసుకుంది.

నారాయణ్‌పూర్ అమ్మాయి గురించి అడిగాను. ఆమె నంబరు ఎవరి దగ్గరా లేదు. వెతుకుతామన్నారు.

వచ్చే ఏడు ఎవరి ఊరు అన్న దగ్గర గొడవ మొదలైంది. కుంట వైపు దోర్లా అబ్బాయి, ఇప్పుడు అబ్బాయి కాదనుకోండి, చెయ్యి ఎత్తాడు. "మాకు దియారీ లేదు సార్. మా విత్తనాల పండగ విజ్జపండుంకి రండి. మావాళ్లు కొందరు మళ్లీ ఊరికి వచ్చి ఇళ్లు కట్టుకున్నారు" అన్నాడు. ఎండాకాలంలో అంతదూరం ఎవరు వస్తారని ఇద్దరు సణిగారు. ఏ తారీఖో ముందే చెప్పు, భద్రాచలం మీదుగా నేను వస్తాను అన్నాను.