తాళపత్రములోని తప్పు

తమిళదేశమున తరతరములుగ స్థిరపడిన మావంటి తెలుగు కుటుంబములలో, అటకమీదనో దేవతార్చన పెట్టె ప్రక్కనో రెండు మూడు తాళపత్ర గ్రంథము లుండుట వింత గాదు. తంజావూరి సరస్వతీమహలులోని తెలుగు ప్రతుల సంగతి చెప్పనే యక్కఱలేదు. అట్టి ప్రతులను సరిపోల్చి చూచిన పెద్దలు మాకొక సూక్ష్మము నేర్పిరి: రెండు ప్రతుల చుట్టఱికమును ఒప్పులకంటె తప్పులే బాగుగ చెప్పును.

మా యింట భాగవతపు ప్రతులు రెండు గలవు. వ్రాసిన చేతులు వేఱు, ఆకుల కొలతలు వేఱు. కాని రెంటను ఒకే పద్యమున మూడవ పాదము లేదు. ఇద్దఱు వ్రాయసకాండ్రు విడివిడిగా ఆ పాదమునే విడిచిరనుట నమ్మశక్యము గాదు. ఆ పాదము లోపించిన తల్లిప్రతి యొకటి ముందుండెననియు, దానినుండియే ఈ రెండును దిగినవనియు ఎవరైనను ఒప్పుకొందురు.

పరిణామవాదమునకు గల సాక్ష్యములలో మాకు మిక్కిలి నచ్చినదియు నిట్టిదే. డార్విన్ 1859లో తన గ్రంథమును ప్రకటించునాటికి శిలాజములు, పెంపుడు పావురములు, ద్వీపములలోని జీవులు మొదలగునవి ఆయన కాధారములు. జీవకణములోని వ్రాతను చదువు విద్య అప్పటి కింకను పుట్టలేదు. నేడు చదువుచున్నారు, అందు వ్రాయసకాని తప్పులును కనబడుచున్నవి.

మేకకు ఉసిరికాయ పెట్టనక్కఱలేదు. విటమిన్ సి యనుదానిని మేక, ఆవు, కుక్క తమ కాలేయమునందే తయారుచేసికొనును. మనకు ఆ శక్తి లేదు. నిమ్మ, ఉసిరిక వంటివి బొత్తిగా లేకున్నచో చిగుళ్లనుండి రక్తము కారు స్కర్వీ వ్యాధి పట్టును. చిత్రమేమనగా, ఆ తయారీకి వలయు జన్యువు మనలో లేకపోలేదు. ఉన్నది గాని శిథిలమై, కొన్ని భాగములు పోయి, పనికిరాక పడియున్నది. దానిని జపాను శాస్త్రజ్ఞులు 1994లో వివరించిరి. చింపాంజీలోను ఒరాంగుటాన్‌లోను కోతులలోను ఆ జన్యువే, చాలవఱకు ఆ విధముననే చెడియున్నది. గినీపందిలోను చెడినదే, కాని చెడిన తీరు వేఱు. అది వేఱొక వ్రాయసకాని పొరపాటన్నమాట!

మఱియొకటి. మనిషి కణమున క్రోమోసోములు 46. చింపాంజీకిని గొరిల్లాకును 48. ఈ తేడా యెట్లు వచ్చెను? క్రోమోసోము కొనలయం దుండవలసిన గుర్తులు మన రెండవ క్రోమోసోము నడుమ ఎదురెదురుగ అతికియున్నట్లు 1991లో కనుగొనిరి. రెండు తాళపత్రపు కట్టలను ఒక్కటిగ కుట్టినవాడు లోపలి చెక్కపలకలను తీయ మఱచినట్లున్నది!

“అట్లయిన కోతి మన తాతయా?” అని మా బంధువులలో కొందఱు కోపగించుకొందురు. కాదు. మా రెండు ప్రతులలో ఒకదానిని చూచి మఱియొకటి వ్రాసినది కాదు గదా! తల్లిప్రతి యేనాడో నశించినది. నేటి కోతియు నేటి మనిషియు అట్టి దాయాదులే. దశావతారములలో ఇదంతయు మనవారు ముందే చెప్పిరని మఱికొందఱందురు. ఆ కథ యందము దానిది. పురాణమును సాక్షిగ బోనెక్కించుట పురాణమునకును మర్యాద గాదని మా తలంపు.

2023లో కేంద్ర పాఠ్యగ్రంథముల పదవ తరగతి పుస్తకమునుండి పరిణామమును గూర్చిన భాగము తొలగింపబడినది. పండ్రెండవ తరగతి జీవశాస్త్రమున నిలిచినది నిజమే. కాని పదవ తరగతి పిమ్మట వాణిజ్యమునకో చరిత్రకో మరలు పిల్ల దానిని బడిలో వినకయే పెద్దదగును. మన యిండ్లలో నట్టివారే యెక్కువ. తెలుగును బడి నేర్పకున్నను ఇంట నిలుపుకొన్నవారము, ఈ పాఠమును మాత్రము ఇంట చెప్పలేమా?

ఒడిశాలోను యానాములోను నున్న మనవారికి కథ వెదకుకొన బనిలేదు. పరిణామమునకు గణితపు పునాది వేసినవారిలో నొకడైన హాల్డేన్ ఆంగ్లదేశము విడిచి 1957లో మన దేశమునకు వచ్చెను. 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరినట్లే, విద్యార్థుల చదువు నిమిత్తము ఆయన దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరినది.