కుడివైపు కిటికీ: విశాఖ నుంచి చిలికా దాకా

విశాఖలో ఖుర్దారోడ్డు వైపు వెళ్లే బండి ఎక్కితే కుడివైపు కిటికీ పట్టుకోవాలి. సముద్రం అటే ఉంటుంది. అలాగని దారి పొడవునా అలలు కనిపిస్తాయని ఆశ పెట్టుకోవద్దు. 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో బెజవాడ నుంచి కటకం దాకా వేసిన ఈ లైను చాలాచోట్ల ఒడ్డుకు కొన్ని కిలోమీటర్ల లోపలే సాగుతుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క బంగాళాఖాతం, నడుమ సన్నటి నేల. ఊళ్లు, పొలాలు, రహదారి, రైలు అన్నీ అందులోనే సర్దుకున్నాయి. కనబడకపోయినా కడలి అక్కడే ఉందని తెలుస్తూనే ఉంటుంది. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

విజయనగరం దాటాక పొందూరు వస్తుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి ఖద్దరు నేసే ఊరు. ఆపైన నాగావళి, వంశధార నదులు. నౌపడా దగ్గరికొచ్చేసరికి ఉప్పు మడులు మొదలవుతాయి. ఎండకు తళతళలాడే ఆ చదరాలు చూస్తే చాలు, తీరం ఎంత దగ్గరో అర్థమైపోతుంది.

పలాసలో జీడిపప్పు కొనకుండా కదిలేవాళ్లు తక్కువ. ఆ తర్వాతదంతా ఉద్దానం. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి పెరిగే నేల. ఎడమవైపు ఆకాశం తేటగా ఉంటే 1,501 మీటర్ల మహేంద్రగిరి కూడా కనిపిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. తాతలు నాటిన తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొబ్బరి మొక్క పెట్టి కాపు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే రైతుకు అదెంత దెబ్బో బండిలోంచి చూసేవాళ్లకు అందదు. కిడ్నీ జబ్బు సరేసరి, ఈ ఊళ్లను ఏళ్ల తరబడి పీడిస్తూనే ఉంది. పచ్చదనం చూసి మురిసిపోయేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇచ్ఛాపురంతో ఆంధ్ర అయిపోతుంది, తెలుగు మాత్రం అయిపోదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది ఈ జిల్లాలోని బరంపురంలోనే. ఆ స్టేషన్లో ఇప్పటికీ ఒడియాతోపాటు మన మాటా చెవిన పడుతుంది.

రుషికుల్య వంతెన దాటి, హుమ్మా ఉప్పు మడులు దాటి రంభ చేరగానే కుడివైపు నేల ఒక్కసారిగా నీరైపోతుంది. చిలికా! పట్టాలకు ఎడమన కొండ, కుడిన అంతులేని నీళ్లు. నేను వెళ్లినప్పుడు అంతసేపూ ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలలెత్తారు. మా ఎదుటి సీట్లో సోంపేటలో మామ్మతో ఎక్కిన కుర్రాడు నిలబడిపోయాడు.

"మామ్మా, సముద్రం వచ్చీసిందా?"

"నేదు నాయినా, ఇది చిలకా."

వాడు నమ్మలేదు. అవతలి ఒడ్డు కనిపించకపోతే ఎవరు మాత్రం నమ్ముతారు? వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకునే ఉప్పుకయ్య ఇది. సన్నటి ఇసుక దిబ్బ ఒక్కటే దీన్ని సముద్రం నుంచి విడదీస్తుంది. 1981లోనే దీనికి చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు దక్కింది. సముద్రంతో కలిపే మొగ పూడిపోయి, ఉప్పదనం తగ్గి, చేపల రాబడి పడిపోతే 2000లో కొత్త మొగ తవ్వారు. మళ్లీ ఉప్పునీరు వచ్చింది, చేపా వచ్చింది. నీళ్లలో పాతిన కర్రల వరుసలు, వాటికి కట్టిన వలలు, కర్ర మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి... అన్నీ కిటికీలోంచే చూడొచ్చు. బాలుగాం దాకా ఈ నీళ్లు కనబడుతూ, దాక్కుంటూ వెంట వస్తాయి.

రాత్రి బండిలో వెళ్తే ఇదంతా నిద్రలోనే పోతుంది. పగలు చిలికా దాటే రైలే చూసుకోండి. వలస పక్షుల కోసమైతే డిసెంబరు, జనవరి మంచి నెలలు. అద్దాలు మూసిన ఏసీ బోగీ కన్నా కిటికీ తెరుచుకునే స్లీపర్ మేలు, ఉప్పుగాలి లోపలికొస్తుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎడమవైపు కూర్చోండి.