రెండు పానాల పని

మోటారు బండిలో మనిషి కాలికి అప్పగించిన పనులన్నింటిలో సున్నితమైనది క్లచ్ పని. బ్రేకు చెడిపోతే ఆ క్షణమే తెలుస్తుంది. క్లచ్ సంగతి అట్లా కాదు. అది చెడిపోవడం మొదలైన ఎన్నో నెలలకు గాని మనకు తెలియదు. తెలిసేనాటికి ప్లేటు కాలిన వాసన వస్తూ ఉంటుంది. ఈ చిన్న వ్యాసంలో మేము చెప్పదలచినది ఆ క్లచ్‌ను సరిచేసే ఒక నట్టును గురించి, అది పట్టుకొని ఉండే తీగను గురించి మాత్రమే. విషయం అల్పమని మిత్రులు పుట తిప్పివేయవద్దని మనవి.

మేమిద్దరం అన్నదమ్ములము. ఒకరం ద్వితీయ సంవత్సరం, ఒకరం తృతీయ సంవత్సరం ఈ కళాశాలలోనే చదువుతున్నాము. మా ఊరు కొత్తగూడ. ఆ పేరు చెప్పగానే చాలామంది బొగ్గు గనుల కొత్తగూడెం అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. మాది అడవి నడుమ ఉన్న మండలం. పూర్వం వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరు 11 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. మా వాళ్ళు నర్సంపేటకు పోవాలంటే పాకాల అడవి దాటవలసిందే. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి ఆ చెరువును చూడవచ్చే యాత్రికులకు అది అందమైన దారి. వానాకాలపు రాత్రివేళ రోగిని తీసుకొని పోయేవారికి అదే దారి ఎంతకూ తరగదు.

మా ఇంట ఒక మారుతి 800 కారు ఉన్నది. 1983 డిసెంబరులో మొదటి బండి యజమాని చేతికి అందిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ నిలిచిపోయేవరకు ముప్పయి ఏండ్లు ఈ దేశపు మధ్యతరగతిని మోసిన బండి అది. ఇంజను 796 సి.సి. మాత్రమే. కొత్త కాలుష్య నిబంధనల మూలంగా 2010లోనే హైదరాబాదు వంటి నగరాలలో దాని అమ్మకం ఆగిపోయినా జిల్లాలలో మరికొంతకాలం సాగింది. మా బాపు ఒక పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుని వద్ద దానిని సెకండ్ హ్యాండులో కొన్నారు. 2005లో మొదలైన 108 వాహనం మా ప్రాంతానికీ వస్తుంది. అయినా అది వచ్చేలోగా ఎవరో ఒకరు మా వాకిట నిలబడి "బండి తీయండి" అంటారు. కనుక ఆ కారు మా ఒక్క ఇంటిది అనుకునే వీలు మాకు ఎన్నడూ లేదు.

ఇక క్లచ్ పని చేసే తీరును కొంచెం వివరించాలి. ఇంజను వెనుక ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు అదిమి పట్టి ఉంచుతుంది. అదిమి ఉన్నంతసేపు ఇంజను బలం గేరుపెట్టెకు, అక్కడి నుంచి చక్రాలకు చేరుతుంది. మనం పెడల్ తొక్కినప్పుడు ఒక ఉక్కు తీగ గేరుపెట్టె మీది చిన్న లీవరును లాగుతుంది. ఆ లీవరు లోపల ఉన్న రిలీజ్ బేరింగును స్ప్రింగు మీదికి నెడుతుంది. పట్టు వదులుతుంది, గేరు మారుతుంది. పాదం తీయగానే మళ్ళీ పట్టు కలుస్తుంది. పాదం పూర్తిగా తీసినప్పుడు బేరింగుకు, స్ప్రింగుకు నడుమ కొంచెం సందు ఉండాలి. ఆ సందే పెడల్ వద్ద కొద్దిపాటి వదులుగా తెలుస్తుంది. పెడల్‌ను చేతితో నొక్కి చూస్తే మొదట అంగుళంలోపు తేలికగా పోయి, ఆ తరువాత బరువు తగలాలి. మెకానిక్కులు దీనినే "ప్లే" అంటారు.

వింత అంతా ఈ వదులులోనే ఉన్నది. ఇది రెండు కారణాల వల్ల మారుతుంది, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు. తీగ వాడగా వాడగా సాగుతుంది. సాగితే వదులు పెరుగుతుంది, పెడల్ చివరిదాకా తొక్కినా పట్టు పూర్తిగా విడదు, గేరు వేస్తే గరగరమంటుంది. అప్పుడు నట్టు బిగించాలి. క్లచ్ ప్లేటు అరిగితే దీనికి తలకిందులు. ప్లేటు పలుచబడిన కొద్దీ ప్రెషర్ ప్లేటు ముందుకు జరుగుతుంది, స్ప్రింగు కొనలు వెనుకకు వచ్చి బేరింగును తాకుతాయి. వదులు తరిగిపోతుంది. చివరకు పాదం పెడల్ మీద లేకపోయినా ఎవరో సగం తొక్కి ఉంచినట్లే అవుతుంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అప్పుడు నట్టు వదలాలి. కాని పట్టు జారుతున్నదంటే బిగించాలని కదా ఎవరికైనా తోచేది! బావి మోకు జారితే బిగిస్తాము, మంచం నవారు జారితే బిగిస్తాము. క్లచ్ జారితే మాత్రం వదలాలి. లోకానుభవానికి విరుద్ధమైన ఈ ఒక్క సూత్రం తెలియక పాడైన క్లచ్‌లు ఎన్నో.

మా బండికీ అదే గతి పట్టింది. ఒక పట్టణంలోని షెడ్డులో (పేరు అనవసరం) ప్రతిసారీ పానా తీసి నట్టును ఇంకొంత బిగించి పంపేవారు. పైగా వాగుల నీళ్ళు తగిలి తగిలి మరకు తుప్పు పట్టి నట్టు అక్కడే అతుక్కుపోయింది. గత వానాకాలంలో ఒక రాత్రి మా మేనత్తకు ఊపిరాడలేదు. బాపు బండి తీశారు. మేమిద్దరం, మామయ్య వెనుక కూర్చున్నాము. అడవిలో ఒక వాగు దాటి ఒడ్డు ఎక్కవలసిన చోట ఇంజను మోత పెరిగింది గాని బండి ముందుకు పోలేదు. కాలిన వాసన వచ్చింది. టార్చి వేసి నట్టు మీద పానా పెట్టి చూశాము. కదలలేదు, అంచులు గుండ్రమైపోయినాయి. బరువు తగ్గిద్దామని మేము, మామయ్య దిగినాము. కొంతసేపు చల్లారనిచ్చి, మేనత్తను ఒక్కదానినే కూర్చోబెట్టుకొని బాపు మొదటి గేరులో, ఆక్సిలరేటరు ఎక్కువ తొక్కకుండా ఒడ్డు ఎక్కించారు. మేము చీకటిలో బండి వెనుక నడిచాము. అందరం నోరు మెదపకుండా నడిచిన ఆ కొంచెం దూరంలో వినిపించినవి రెండే: ఇంజను చప్పుడు, మేనత్త దగ్గు. మిట్ట దాటిన తరువాత మళ్ళీ ఎక్కినాము. ఆమె సకాలంలో ఆసుపత్రి చేరింది. నేడు క్షేమంగా ఉన్నది.

ఆ తరువాత బండిని నర్సంపేటలో ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు తీసుకుపోయాము. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు, మేమూ అట్లాగే పిలిచాము. ఆయన పనిముట్ల పేర్లు వింటుంటే మన కళాశాల గుర్తుకు వచ్చింది. పానా ఉర్దూ మాట, మర తెలుగు మాట, నట్టు ఆంగ్లం. మూడూ ఒకే గుప్పిటలో ఇముడుతాయి. గేరుపెట్టె దింపి చూస్తే ప్లేటు రివిట్లదాకా అరిగి ఉన్నది, బేరింగు కూతపెడుతున్నది. అవి రెండూ, ప్రెషర్ ప్లేటూ మార్చక తప్పదని తేలింది. మక్కలు అమ్మిన డబ్బులో కొంత అందుకు పోయింది.

అసలు చర్చ తీగ, నట్టు దగ్గర వచ్చింది. మాలో చిన్నవాడు ఫోనులో ఎన్నో చూసి వచ్చి, తనంతట తానే సరిచేసుకొనే ఏర్పాటు పెట్టిద్దామన్నాడు. అటువంటివి ఉన్నమాట నిజమే. అమెరికాలో 1980ల నాటి ఫోర్డ్ మస్టాంగ్ కార్లకు పెడల్ దగ్గర పళ్ళున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉండి, తీగలోని వదులును తానే చూసుకొనేది. అయితే ఆ పళ్ళు అరిగి జారుతున్నాయని అక్కడి ఔత్సాహికులే దానిని తీసివేసి అల్యూమినియం ముక్కను, చేతితో తిప్పే మరను పెట్టుకోవడం పరిపాటి అయింది. ఇక ద్రవంతో పని చేసే హైడ్రాలిక్ క్లచ్ నేడు చాలా కార్లలో ఉన్నది. ప్లేటు అరిగిన కొద్దీ అది తానే సర్దుకుంటుంది, పాదానికి తేలిక కూడా. దానిని మేము తక్కువ చేయము. నగరంలో నివసించేవారికి అదే మేలు. కాని అడవిలో దాని సీలు పోయి ద్రవం కారిపోతే చేయగలిగింది స్వల్పం. తీగ తెగితే మరొక తీగ వేసుకోవచ్చు. అదీ లేకపోతే ఇంజను ఆపి, మొదటి గేరులో పెట్టి, స్టార్టరుతోనే బండిని కదిలించి మెల్లగా ఊరు చేరవచ్చు.

ఉస్తాద్ ఈ వాదమంతా విని, పాత తీగ కొనను మా ముందు పెట్టి అన్న మాట ఇది: "తమ్మీ, తానే సర్దుకునేది నీకేం జెప్పది. మర జూస్తే నీకే తెలుస్తది. నట్టు ఎంత వదిలినవో ప్లేటు అంత అరిగినట్టు. ఎంత బిగించినవో తీగ అంత సాగినట్టు."

మాకు ఇంతకు మించిన పాఠం ఏ యంత్రశాస్త్ర గ్రంథంలోనూ దొరికి ఉండేది కాదు. నట్టు ఒక సవరణ సాధనమే కాక కొలబద్ద కూడా అన్నమాట. తుప్పు పట్టిన మర మీద ఆ కొలత కనిపించదు. పాత జర్మన్ వోక్స్‌వాగన్ బీటిల్ కారులో క్లచ్ తీగ కొనకు రెక్కల నట్టు ఉండేది, పానా లేకుండా వేళ్ళతోనే తిప్పవచ్చు. ఆ రూపకర్తలు సామాన్యుని చేతిని నమ్మినారని మా భావన.

చివరకు మేము పెట్టించినవి ఇవి. లోపల నైలాన్ పొర ఉన్న మంచి రకం తీగ. అటువంటి తీగలో నూనె పోస్తే దుమ్ము పట్టి గట్టిపడుతుందని ఉస్తాద్ నూనె డబ్బాను దూరం పెట్టారు. కొత్త నట్టు, అది తనంతట తిరగకుండా వెనుక నుంచి పట్టే చెక్‌నట్టు. లీవరు ఇరుసుకు కొత్త బుష్షు. మర నిండా గ్రీజు పూసి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్కను తొడుగులాగా ఎక్కించి రెండు కొనలు కట్టారు. ఈ ట్యూబు ముక్కకు ఖర్చు ఏమీ లేదు. మా దృష్టిలో మొత్తం మరమ్మతులో విలువైన వస్తువు అదే. వాగులో దిగి వచ్చిన ప్రతిసారీ విప్పి చూశాము, మర తళతళలాడుతూనే ఉన్నది.

చెక్‌నట్టు ఉన్నచోట ఒక్క పానాతో పని జరగదు. ఒక పానాతో నట్టును కదలకుండా పట్టుకోవాలి, రెండవ దానితో చెక్‌నట్టును వదలాలి లేదా బిగించాలి. ఒక్కటే తిప్పితే రెండూ కలిసి తిరిగి కొలత పోతుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మేమిద్దరం చెరొక పానా పట్టుకొని కూర్చుంటాము. బాపు లోపల కూర్చొని పెడల్‌ను చేతితో నొక్కుతూ స్కేలుతో కొలిచి చెబుతారు. ఏ తేదీన ఎన్ని చుట్లు, ఏ వైపు తిప్పినామో పెద్దవాడు ఒక నోటుబుక్కులో వ్రాస్తాడు.

మొదటి నెలలో తీగ కుదురుకోవడం వల్ల కావచ్చు, రెండు చుట్లు బిగించవలసి వచ్చింది. ఆ తరువాత సంక్రాంతికి ఒక చుట్టు, మొన్న వేసవిలో అర చుట్టు వదిలాము. నట్టు వెనుక ఇంకా చాలా మర మిగిలి ఉన్నది. డిక్కీలో మరొక తీగ, రెండు పానాలు, ఒక ట్యూబు ముక్క ఉంచాము.