వేషమునకు మిరాశి

వేషము వేయువాడు ఎవరికొరకు వేయవలెనో పుట్టుకతోడనే నిర్ణయమై యుండుట మా యిందూరు సీమవారికి క్రొత్త సంగతి కాదు. చిందు భాగవతులు మాదిగల కాశ్రితులు. కూనపులివారు పటము విప్పి మార్కండేయుని కథను పద్మశాలీలకు వినిపింతురు. కాకిపడిగెలవారి పాండవుల కథ ముదిరాజులది. డక్కలివారి జాంబపురాణము మరల మాదిగలదే. ఏ మేళమునకు ఏ యూళ్లు చెల్లునో, ఏ గడపలో కట్నమడుగు హక్కు కలదో, యది తండ్రినుండి కొడుకునకు వచ్చు మిరాశి. అన్నదమ్ములు వేరుపడునపుడు పొలములవలెనే యీ యూళ్లను గూడ పంచుకొనెడివారు. ఒకరి యూరిలో నింకొకరు గజ్జె కట్టుట తప్పు.

బాన్సువాడలో కూర్చుండి వీడియో ఆటలను గూర్చి వ్రాయబూనిన మేము చిందువారితో మొదలిడుట చదువరులకు వింతగా దోపవచ్చును. కాని 2023వ సంవత్సరపు వేసవిలో మా యింట బుట్టిన యొక వివాదమును తలచుకొనినపుడెల్ల మాకీ మిరాశి మాటయే జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఈ యాటలలో రోల్ ప్లేయింగ్ ఆటలని యొక జాతి కలదు. ఆడువాడు ఒక పాత్రను ధరించును. ఆ పాత్ర మొదట దుర్బలమై యుండి, నేర్చినకొలది బలపడును. నడుమ నెదురైనవారితో మాటలాడును, కొందరిని నమ్మును, కొందరిని విడుచును. ఒక్క యాట ముగియుటకు నలువది గంటలు మొదలు నూరు గంటలవరకు పట్టును గనుక, ఇది సినిమా చూచినట్లు కాక పెద్ద నవల చదివినట్లుండును. కన్సోలనగా టి.వి.కి తగిలించెడి యాటల పెట్టె. సోనీవారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్, నింటెండోవారి స్విచ్ అనునవి నేటి ముఖ్యమైన పెట్టెలు. ఒక పెట్టెకు సిద్ధపరచిన యాట వేరొక పెట్టెలో నడువదు. వ్రాసినవారు మరల దానికై శ్రమించినగాని యిరువురకు నందదు. కొన్ని యాటలను సంస్థలు ధనమిచ్చియో, వ్రాసినవారినే కొనియో తమ పెట్టెకు మాత్రమే కట్టివేసికొనును. దీనిని ఎక్స్‌క్లూజివ్ అందురు. మేము మిరాశి యందుము.

మొదట నీ కట్టుబాటునకు న్యాయమైన కారణము లేకపోలేదు. 1986లో జపానునందు ఎనిక్స్ సంస్థ డ్రాగన్ క్వెస్టును, మరుసటి యేట స్క్వేర్ సంస్థ ఫైనల్ ఫాంటసీని నింటెండోవారి ఫామికాం పెట్టెకు వెలువరించినవి. ఒక్కొక్క పెట్టె యొక్కొక్క రీతిగా నిర్మింపబడిన కాలమది. కథ పెరిగినకొలది దానికి చోటు చాలకపోయెను. నింటెండోవారు తమ తరువాతి పెట్టెలో గూడ పాత కార్ట్రిడ్జినే నిలుపుకొనగా సోనీవారు కాంపాక్టు డిస్కును గొనివచ్చిరి. డిస్కు చవుక, చోటు విస్తారము. 1997లో ఫైనల్ ఫాంటసీ యేడవ భాగము మూడు డిస్కులతో ప్లేస్టేషనున వెలువడెను. 2000లో డ్రాగన్ క్వెస్టు యేడవ భాగము నా దారినే పోయెను. ఇచట కథ తనకు తగిన యింటిని తానే వెదకుకొన్నది. దానిని మేము తప్పుపట్టము.

నేటి స్థితి వేరు. సోనీవారి క్రొత్త పెట్టెకును మైక్రోసాఫ్టువారి క్రొత్త పెట్టెకును గుండెకాయవంటి చిప్పు ఏ.ఎం.డి. యను నొక్క సంస్థ రూపొందించినదే. గోడ యిప్పుడు యంత్రమునందు లేదు, లెక్కల పుస్తకమునందున్నది. మైక్రోసాఫ్టు జెనిమాక్స్ సంస్థను 750 కోట్ల డాలర్లకు కొననున్నట్లు 2020లో ప్రకటించి 2021లో కొనుగోలు ముగించెను. జెనిమాక్స్ క్రిందనున్న బెథెస్డావారి స్టార్‌ఫీల్డ్ 2023లో వెలువడినపుడు ప్లేస్టేషను గలవారికి దక్కలేదు. అదే 2023 జూన్ నెలలో ఫైనల్ ఫాంటసీ పదునారవ భాగము ప్లేస్టేషన్ 5కు మాత్రమే వచ్చెను. అటు కొంద రేడ్చిరి, ఇటు కొంద రేడ్చిరి. ఏ పెట్టె గొప్పదని యువకులు కులములవలె చీలి దూషించుకొనుట చూచి మాకు నవ్వును, విచారమును గలిగినవి.

ఇక మా యింటి సంగతి. మా యన్నగారికి నిజాంసాగరు కాలువ క్రింద వరిసాగు. కుమారుడు డిగ్రీ చదువుచుండెను; కుమార్తె ఆ యేడే ఇంటరు ముగించెను. కుమారునికి అదివరకే యొక పెట్టె కలదు. అతడు కోరిన యాట దానిలో రాదు గనుక రెండవ పెట్టె కావలెనని పట్టుబట్టెను. పెట్టెయు, దానితోడి యాటయు గలిసి యరువది వేలకు జేరువ. కుమార్తె హైదరాబాదులో హాస్టలునందుండి డిగ్రీ చదువుదునని యడిగెను. మొదటి యేటి ఫీజును, హాస్టలు ఖర్చును రమారమి యంతే. యాసంగి వడ్ల పైక మొక్కటే. "పోరడు ఒక్కటే అడిగిండు, ఎట్ల కాదంటం?" అని యన్నగారు. "దానికిక్కడ కాలేజి లేదా?" అని తరువాతి మాట. మా యమ్మగారు మనుమరాలివైపు చూచి, "నీకెందుకే బిడ్డా గింత దూరం?" అనిరి. చూడుడు! పెట్టెకు దూరభారము లేదు. అది జపానునుండి వచ్చినను మా వసారాకు దగ్గరయే.

వాదమునకు దిగుటకు ముందు మేము గమనించిన విషయమొకటి చెప్పవలెను. ఆ యిల్లు మా యిల్లును నొక్కటే గనుక ఆట యెట్లు నడచుచున్నదో సాయంకాలములందు చూచుచునే యుంటిమి. కంట్రోలరు అన్నచేతిది. చెల్లెలు ప్రక్కన చేరి చూచుటయే. "ఇది మగపోరల ఆట" యని యింటిలో నొక నానుడి పుట్టియుండెను. ఎవరు పుట్టించిరో యెవరును చెప్పలేరు. అపుడు వారాడుచున్నది పోలండుదేశపువారు 2015లో వెలువరించిన విచ్చర్ మూడవ భాగము. ఇది యేడాదిలోనో రెండేండ్లలోనో వాడిపోవు యాట కాదు. పసిపిల్లలకు తగినదియు గాదు. అందొక సైనికాధికారి కలడు. త్రాగుబోతు. భార్యను కొట్టి, గర్భస్రావము కలుగజేసినవాడు. ఆమెయు కుమార్తెయు నిల్లు విడిచి పారిపోగా, వారిని వెదకి తెమ్మని యాతడు కథానాయకుని బ్రతిమాలును. ఆడువాడు ఆ కథానాయకుడై వారి జాడ తీయవలెను. నడుమ చేసిన యొక నిర్ణయమునుబట్టి యా యిల్లాలి గతి మారును. ఏ దారి బట్టినను పూర్తి సుఖము లేదు. ఒక దారిని ఆమె మరణించును, అతడు ఉరివేసికొనును. వేరొక దారిని ఆమె మతి చలించి బ్రతికియుండగా నాతడు చికిత్సకై వెంటగొనిపోవును.

యుద్ధము వచ్చినచోట అన్న మహోత్సాహమున మీటలు నొక్కును. సంభాషణ రాగానే గబగబ దాటవేయ జూచును. ఇంగ్లీషు వాక్యములు పొడవు. అపుడు చెల్లెలు "ఆగు" మని, చదివి, అర్థము చెప్పి, "ఇది నొక్కు" మనును. అతడు నొక్కును. ఆ సైనికాధికారి ఘట్టమున నామె రెండు దినములు ఏ సమాధానమును నొక్కనీయలేదు. మూడవనాడు మమ్ము జూచి, "చిన్నాయినా, ఆమె ఎందుకు పోయిందని అందరు అడుగుతున్నరు, అన్నేండ్లు ఎట్ల ఉన్నదని ఎవ్వరు అడుగరేమి?" అనెను. మేము జవాబు చెప్పలేదు. చెప్పదగినది మావద్ద లేకుండెను.

పాత్రధారణపు టాటలలో సర్వప్రధానమైనదేది యను ప్రశ్నకు పలువురు పలువిధముల జెప్పుదురు. చిత్రముల సొంపని కొందరు, యుద్ధపు నేర్పని కొందరు, అంచెలంచెలుగా పెరుగు బలపు సంఖ్యలని కొందరు. మా మట్టుకు, ఆ సాయంకాలము తరువాత సందేహము లేదు. పరుని స్థానమున నిలిచి, తన నిర్ణయమునకు తాను బాధ్యత వహించుట దాని ప్రాణము. ఈ యాటల కన్నిటికి మూలపురుషుడనదగిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో వెలువరించినది. దానికి పెట్టె లేదు, తెర లేదు. కాగితము, పెన్సిలు, పాచికలు, నలుగురు మనుష్యులు. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియమునందు యుద్ధరంగమే లేదు, అంతయు సంభాషణయే. అయినను దాని నుత్తమ పాత్రధారణపు టాటలలో నొకటిగా నెన్నుచున్నారు. ఇట్లయిన మా యింట వేషము వేసినదెవరు? మీటలు నొక్కిన వ్రేళ్లు ఒకరివి, వేషము వేరొకరిది.

హైదరాబాదు ప్రసక్తి వచ్చినది గనుక నొక మాట. 2009లో ఆ నగరపు అరోనా టెక్నాలజీస్ సంస్థ హనుమాన్: బాయ్ వారియర్ అను నాటను ప్లేస్టేషన్ 2కు నిర్మింపగా సోనీవారు ప్రకటించిరి. కన్సోలునకై పూర్తిగా మనదేశమున తయారైన మొదటి యాటగా దానిని చెప్పుదురు. పాత్రధారణపు టాట కాదు. దూకుళ్లు, కొట్లాటలు గలది. దేవుని మీటలతో నాడించుట యపచారమని కొందరాక్షేపించిరి. ఎల్లమ్మ వేషము వేసిన మనిషినే ఎల్లమ్మగా మ్రొక్కు సీమ మాది. బోధను చెంత అమ్దాపూరునకు చెందిన చిందుల ఎల్లమ్మ పురుషవేషములు గూడ ధరించి మెప్పించి, 2005లో గతించినది. దేవతను మనిషి తన యొడలిపైకి దెచ్చుకొనుట యపచారమైనచో మా జాతరలే యపచారములు కావలెను. మాకు విచారమైనది వేరు. ప్లేస్టేషన్ 2 నిర్మాణము 2013 ఆరంభమున ఆగిపోయినది. ఆ పాత పెట్టె పాడైనవారి యింట తెలుగునేలపై పుట్టిన యా యాట డిస్కు పళ్లెరమునకును పనికిరాదు. ఒక్క పెట్టెకు కట్టినదానికి పెట్టెతోడనే సహగమనము.

చిందువారి మిరాశి యిట్టిది కాకపోయెను. కట్నమిచ్చుట యొక వాడది యైనను ఆట చూచుటకు ఊరంతయు జేరెడిది. అంతమాత్రమున దానిని మేము పొగడుట లేదు. ఆ మిరాశి కళాకారునికి కూడు పెట్టుచునే వాని కులమును వాని మెడకు గట్టినది. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించుట మాకానందము. అట్టి గౌరవము ఆ విద్యకు అందుట కెన్ని తరములు పట్టెనో యని దిగులు.

వివాదమున మేము చెప్పినది స్వల్పము: ఆట యాగును, సీటు ఆగదు. సంస్థలు గట్టు నీ గోడలు చాలవరకు గడువు గోడలు. లాభము పిండుకొనిన తరువాత తలుపు తామే తెరచును. అన్నగారు నమ్మలేదు. యెదురుచూడనిరీతిగా మాకు తోడు వచ్చినది మా యమ్మగారు. ఆమె తన బాల్యమున చిందు వారి యాటలను బండిచాటునుండి, చీకటిలో, తల్లి కొంగు బట్టుకొని చూచినదట. ముందునకు పోయి కూర్చుండుట యింటి ఆడపిల్లలకు నిషేధము. వేషములు కనబడక పాటలు మాత్రము విని కథలన్నియు కంఠస్థము చేసినది. ఈ సంగతి యామె మాకెన్నడును చెప్పియుండలేదు. ఆ రాత్రి యన్నము వడ్డించుచు, "పిల్లను పోనీయి. పెట్టె యాడికి పోతది?" అనెను. అన్నగారు మారు పలుకలేదు. మరునాడు హాస్టలు ఫీజు కట్టబడెను. కుమారుడు నెలదినములు మాతో మాటలాడలేదు.

2024 మే నెలలో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ తన ముఖ్యమైన యాటలను ఇకపై పెక్కు యంత్రములకు నందజేయుదునని తెలిపెను. ఫైనల్ ఫాంటసీ పదునారవ భాగము ఆ సెప్టెంబరున కంప్యూటర్లకును, 2025 జూన్‌లో ఎక్స్‌బాక్సునకును వచ్చినది. మైక్రోసాఫ్టు సైతము 2024నుండి తన యాటలు కొన్నిటిని ప్రతిపక్షపు పెట్టెలకు బంపుచున్నది. రెండేండ్ల యోపిక ఖరీదెంతో లెక్కవేయదలచినవారు వేయవచ్చును.

మిగిలిన గోడలు రెండు కలవు. ఒకటి భాష. ఈ మహానవలలవంటి యాటలను ఫ్రెంచి, పోలిష్, జపానీ భాషలలో నాడుకొనువారు కలరు. తెలుగువాడు ఇంగ్లీషు రాకున్న యుద్ధము మాత్రమే చేయవలెను. రెండవది వెల. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపించిన పెద్దలు, ఒకరు కొనిన పుస్తకము నూర్గురు చదువవలెనని తలచిరి. అమెరికాలో పౌరగ్రంథాలయములు పుస్తకములతోపాటు వీడియో ఆటలను గూడ యెరువిచ్చుచున్నవి. మన పట్టణ గ్రంథాలయములలో నొక బల్లపై నొక పెట్టె నుంచి, వారమున రెండు దినములు ఆడపిల్లలకే యని నియమించినచో నెవరి కొంప మునుగును? పత్రికలకే పైకము లేదందురు. నిజమే కావచ్చును, అడుగుటకు మాత్రము పైకమక్కరలేదు.

ఆ పిల్ల తొలి దసరా సెలవులకు వచ్చినపుడు హాస్టలులో నేర్చిన పాచికల యాటను వెంట దెచ్చినది. వసారాలో చాప వేసి, కథ తాను తెలుగున జెప్పుచు, మమ్మందరిని వేషములు కోరుకొమ్మనెను. మా యమ్మగారు సేనాపతి వేషము కోరి, మూడు దినములు ఎవరి సలహాయు వినలేదు. అన్నగారి కుమారుడు పాత పెట్టెలోనే యాడుచున్నాడు. సంభాషణ వచ్చినచోట ఆట నాపి చెల్లెలికి ఫోను చేయును. మొన్న ఆమె పరీక్షల దినములలో వాని కథానాయకుడు పది దినములు ఒక ద్వారమునొద్దనే నిలిచియుండెను.