ప్రతిధ్వనికి కాస్త తుప్పు

గాయకుడు ఒక మాట అంటాడు. మరుక్షణం గొంతు మాయం! ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ వినబడుతూ, ప్రతిసారీ ఇంకాస్త గరగరలాడుతూ, మసకబారుతూ దూరంగా వెళ్తుంది. పోయిందిలే అనుకునేలోగా వెనక్కి తిరిగి హోరుమంటూ మీదికొస్తుంది.

1970లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో వెలిసిన ‘డబ్’ సంగీతం ఆనవాలు అది. అందులో అందరికన్నా ముందు చెప్పుకోవాల్సిన పేరు కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్బర్న్ రడ్డాక్. పాటలు కట్టినవాడు కాదు, పాడినవాడూ కాదు. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. వాటర్‌హౌస్ పేటలోని చిన్న ఇల్లే ఆయన స్టూడియో. పాడేవాళ్లు నిలబడే చోటు ఒకప్పటి స్నానాలగది! పాత టేపురికార్డరు హెడ్ల మీదుగా చుట్టలా అతికించిన టేపును తిప్పి ప్రతిధ్వని యంత్రాన్నీ ఆయనే చేసుకున్నాడు.

కిటుకు చిన్నదే. ఒక హెడ్ శబ్దాన్ని టేపు మీద రాస్తుంది. కాస్త అవతల ఉన్న రెండో హెడ్ దాన్ని చదువుతుంది. సెకనుకు 7.5 అంగుళాలు నడిచే టేపు మీద రెండింటి మధ్య 3 అంగుళాల ఎడముంటే, మాట 0.4 సెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. అలా చదివినదాన్ని మళ్లీ మొదటి హెడ్‌కే పంపితే? ప్రతిధ్వనికి ప్రతిధ్వని! పంపేది ఎక్కువైతే పెళ్లిపందిట్లో స్పీకరుకు ఎదురుగా వచ్చిన మైకులా ఊళ పెడుతుంది. అయితే టేపు మీది అయస్కాంత పొడి ఒక హద్దు దాటి శబ్దాన్ని మోయలేదు. అందుకే ఆ ఊళ పగిలిపోకుండా గుండ్రంగా, బొంగురుగా మారుతుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ పైస్థాయి స్వరాలు కొన్ని రాలిపోతాయి. మోటారు వణుకు శ్రుతిని కాస్త ఊగిస్తుంది. ఇంజినీర్లు దశాబ్దాల తరబడి వదిలించుకోవాలని చూసిన జబ్బులివన్నీ!

ఇప్పుడు అదే శబ్దం కోసం కంప్యూటర్ల ముందు కుస్తీ పడుతున్నారు. మిక్సింగ్ సాఫ్ట్‌వేరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. మామూలు డిజిటల్ డిలే శబ్దాన్ని అంకెల్లో దాచి తిరిగిస్తుంది. వందో ప్రతిధ్వని కూడా మొదటిదాని నకలే, కాకుంటే కాస్త చిన్నగా ఉంటుంది. అంత శుభ్రమైన చోట ఆ హోరు ఎక్కడిది?

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ముందు డిలే పెట్టి, దాని తర్వాత గరగర పుట్టించే డిస్టార్షన్ ప్లగిన్ తగిలిస్తారు. అప్పుడు ప్రతిధ్వనులన్నింటికీ ఒకేసారి ఒకే పూత పడుతుంది. ఒక్కో మెట్టూ దిగుతూ పాడవడమనేది ఉండదు. డిస్టార్షన్ ఉండాల్సింది బయట కాదు, తిరిగొచ్చే దారిలో. ప్రతి చుట్టులోనూ శబ్దం దాన్ని దాటుకునే రావాలి. కొన్ని డిలేల్లో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది. లేకుంటే డిలేను విడి ఛానల్లో పెట్టి, ఆ ఛానల్‌ను తనకే తిరిగి పంపుకుని, మధ్యలో టేపు శాచురేషన్ ప్లగిన్ ఇరికించాలి. దాని పక్కనే రెండు ఫిల్టర్లు. ఒకటి 3,000 హెర్ట్జ్‌కు పైన, మరొకటి 150కి కింద కోసేందుకు. కింది కోత మరిస్తే బేస్ పేరుకుపోయి అంతా బురదే. శ్రుతిలో కాస్త ఊగు కూడా కలపాలి. కాస్తే సుమా, ఎక్కువైతే తాగుబోతు నడకలా ఉంటుంది!

అప్పుడు ఫీడ్‌బ్యాక్ 100 శాతం దాటించినా శబ్దం చిట్లిపోదు, ఉబ్బుతుంది. ఆ ఉబ్బులో డిలే సమయాన్ని మెల్లగా తిప్పితే, టేపు తరహా ప్లగిన్ అయితే శ్రుతి జారుతుంది. టబ్బీ పాటల్లో ఒళ్లు జలదరించే చోట్లు ఇలాంటివే. ఆయన మిక్సింగ్ బల్ల మీద చేతులతో అప్పటికప్పుడు చేసేవాడు. రెండోసారి అచ్చం అలాగే రాదు. 1989 ఫిబ్రవరిలో ఆయన్ను ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు. ఆ చేతివాటాన్ని ఏ ప్లగిన్‌లోనూ పెట్టి అమ్మలేరు.

కంప్యూటర్ మాత్రం తిప్పిన ప్రతి నాబ్‌నూ గుర్తుపెట్టుకుంటుంది. సౌకర్యమే. కానీ మౌస్‌తో గీతలు గీసి కూర్చిన హోరు ఎందుకో ప్రాణం లేనట్టే వినిపిస్తుంది. ఒక నాబ్‌ల పెట్టె కొనుక్కుని, పాట నడుస్తుండగా చేత్తోనే తిప్పి రికార్డు చేయడం మేలు. పది ప్రయత్నాల్లో తొమ్మిది చెత్తబుట్టకే పోతాయి, పోనివ్వండి.

ఒక్క జాగ్రత్త. చివరన లిమిటర్ ప్లగిన్ పెట్టకుండా ఫీడ్‌బ్యాక్ జోలికి వెళ్లొద్దు. మొదటిసారి 100 దాటించేముందు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టండి. స్పీకర్ల సౌండు బాగా తగ్గించండి. పక్కగదిలో పెద్దవాళ్లు నిద్రపోతుంటే మరీను!